గాలిని గూర్చిన వ్యాజ్యములు



దిలుసుఖనగరు మీదుగా ఎల్.బి. నగరు దాటి బెజవాడకు పోవు రాజమార్గమున ఒక లారీ పోవుచున్నదనుకొనుడు. దాని గొట్టమునుండి రెండు విధములైన పదార్థములు వెలువడును. ఒకటి కంటికి కనబడు పొగ, మసి. అది ముక్కునకు తగిలిన దగ్గు వచ్చును, బట్టకు తగిలిన మరక యగును. రెండవదానికి రంగు లేదు, వాసన లేదు. అది బొగ్గుపులుసు గాలి. మనము విడుచు ఊపిరిలో నున్నదియు నదియే, చెట్లు ఆహారముగా గ్రహించునదియు నదియే. మొదటిదానిని చట్టము కాలుష్యమనును. హద్దు మీరిన దండన విధించును. రెండవదానిని కాలుష్యమనవచ్చునా? అనవచ్చునో కాదో నిర్ణయింపవలసినవారెవరు? శాస్త్రజ్ఞులా, ప్రభుత్వమా, న్యాయాధిపతులా?

ఈ ప్రశ్నమీద అమెరికాలో 1999 మొదలుకొని వ్యాజ్యములు నడచినవి. మన దేశమున నదే ప్రశ్న వేఱొక దారిని న్యాయస్థానములకు వచ్చినది. ఆ దారి వేసినవారిలో హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానమునకు ముఖ్యమైన స్థానము కలదు. మీర్‌పేట యున్న రంగారెడ్డి జిల్లాలోనిదే యైన పెద్దషాపూరను గ్రామమునకును అందు పాలు కలదు. ఆ వృత్తాంతమును క్రమముగా మనవి చేసెదను.

ముందుగా శాస్త్ర విషయము రెండు మాటలలో చెప్పవలయును. ఎండ వేడిమి భూమిపై బడి, భూమి వెచ్చబడి, ఆ వేడి తిరిగి ఆకాశమునకు పోవుచుండును. గాలిలోని కొన్ని వాయువులు ఆ పోవు వేడిని కొంత పట్టి నిలుపును. చలికాలమున మనము కప్పుకొను కంబళి కొత్తగా వేడిని పుట్టింపదు, ఉన్న వేడిని పోనీయదు. ఈ వాయువుల పనియు నట్టిదే. వీనికి హరితగృహ వాయువులని పేరు. బొగ్గుపులుసు గాలికి ఈ గుణము కలదని 1859లో జాన్ టిండాల్ అను శాస్త్రవేత్త లండనులో పరీక్షలు చేసి చూపెను. బొగ్గు కాల్చుటవలన అది హెచ్చినచో భూమి వేడి యెంత పెరుగునో 1896లో స్వీడను దేశస్థుడైన అర్హీనియస్ లెక్క కట్టెను. యంత్రములు రాక పూర్వము లక్ష పాళ్ల గాలిలో ఈ వాయువు 28 పాళ్లుండెడిది. 2024 నాటికి 42 పాళ్లకు చేరినది. కంబళి మందమగుచున్నదన్నమాట.

శాస్త్రము తెలిసినంత మాత్రమున చట్టము కదలదు. గ్రామములో తగవు తీర్చు పద్ధతిని మీరెఱుగుదురు. ఒకని యింటి మురుగు పొరుగువాని పెరటిలోనికి పారినచో పంచాయతీ పెద్దలు మూడు సంగతులు విచారింతురు. పారినది చెడ్డదా? దానివలన ఫలానివానికి నష్టము కలిగినదా? పారజేసినవాడెవడు? బొగ్గుపులుసు గాలి విషయమున ఈ మూడింటికిని సమాధానము కష్టము. అది విషము కాదు, హెచ్చినప్పుడే కీడు. నష్టము లోకమునకంతకు కలుగును, ఒక్కనికి కాదు. చేసినవారు కోట్ల కొలది జనము. నేరస్థులును బాధితులును ఇందఱైన తగవును ఏ న్యాయస్థానము విచారింపగలదు? ఈ చిక్కే యీ చరిత్రకంతటికి మూలము.

మన దేశమున 1972 నాటి స్టాక్‌హోము మహాసభ తరువాత నీటి కాలుష్య చట్టము 1974లోను, గాలి కాలుష్య చట్టము 1981లోను ఏర్పడినవి. ఈ రెండవ చట్టములోని ఒక నిర్వచనమును మీరు గమనింపవలయును. మనుష్యులకు గాని, ఇతర ప్రాణులకు గాని, మొక్కలకు గాని, ఆస్తికి గాని, పరిసరములకు గాని హాని చేయునంతటి లేదా చేయదగినంతటి పరిమాణములో గాలియందున్న ఘన, ద్రవ, వాయు పదార్థ మేదైనను కాలుష్యకారకమని దాని సారాంశము. విషమైన పదార్థమని చట్టము చెప్పలేదు. హాని చేయు పరిమాణమని చెప్పినది. 1987లో ఈ నిర్వచనమును సవరించి శబ్దమును గూడ చేర్చిరి. బరువును రూపమును లేని ధ్వనియే గాలి కాలుష్యములో చేరగా, బొగ్గుపులుసు గాలి చేరుటకు మాటల యడ్డంకి యేమియు కనబడదు. అయినను ఆ మాటను ఆ యర్థమున ప్రయోగింపుమని యడిగినవారు చాల కాలము లేకపోయిరి.

అదే 1987లో హైదరాబాదున ఒక గొప్ప తీర్పు వెలువడెను. దానిని న్యాయవాదులు దామోదరరావు వ్యాజ్యమందురు. నగర ప్రణాళికలో విహారస్థలమునకై ప్రత్యేకింపబడిన భూమిలో కొంత భాగమును జీవిత బీమా సంస్థవారును, ఆదాయపు పన్ను శాఖవారును కొని, యిండ్లు కట్టింపదలచిరి. నగరవాసులు అడ్డుపడి ఉన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. తమ భూమిని తాము వాడుకొనుటకు అడ్డేమని ఆ సంస్థల వాదము. న్యాయమూర్తి పి.ఎ. చౌదరిగారు రాజ్యాంగములోని 21వ అధికరణమును పట్టుకొనిరి. ఆ అధికరణము ప్రాణరక్షణ హక్కును చెప్పును. ప్రాణము తీయుట యనగా కత్తితో పొడుచుటయొక్కటియే కాదు. గాలిని పరిసరములను పాడుచేసి మెల్లమెల్లగా విషమెక్కించుటయు ఆ హక్కును భంగపఱచుటయే యని వారు నిర్ణయించిరి. ఆ భూమిలో ఇండ్లు కట్టరాదనిరి.

ఇది పొగగొట్టముమీది వ్యాజ్యము కాదు, పార్కు భూమిమీది వ్యాజ్యము. అయినను దానినుండి పుట్టిన సూత్రము పెద్దది. గాలి చెడుట యనునది కేవలము పురపాలక నియమమునకు భంగము కాదు, మనిషి ప్రాణహక్కునకు భంగము అని మూసీ యొడ్డున నున్న న్యాయస్థానము తేల్చినది. తరువాత దేశమునందలి న్యాయస్థానములు ఈ మార్గముననే నడచినవి.

ఇక పెద్దషాపూరు సంగతి. 1908లో మూసీ వరద నగరమును ముంచిన పిమ్మట నిజాము ప్రభుత్వము ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు అను రెండు జలాశయములను కట్టించెను. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. అవి నగరమునకు త్రాగునీరిచ్చు చెరువులు. వానికి 10 కిలోమీటర్ల లోపల కాలుష్యము కలిగించు పరిశ్రమలు పెట్టరాదని ప్రభుత్వము 1996 మార్చి 8వ తేదీన 111వ సంఖ్యగల ఉత్తరువును ఇచ్చెను. శంషాబాదు ప్రాంతమందలి పెద్దషాపూరు ఆ హద్దులోనిది. అచ్చట ఒక కంపెనీ 12 ఎకరముల భూమి కొని ఆముదపు నూనెనుండి రసాయన పదార్థములు తీయు కర్మాగారమును కట్ట పూనుకొనెను. ఆ పనిలో నికెల్ లోహపు వ్యర్థము మిగులును. అది నేలలోనికి ఇంకి చెరువు చేరునేమో యని భయము. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించెను. కాని ప్రభుత్వము 1997లో ఆ కంపెనీకి మినహాయింపు నిచ్చెను. అప్పీలు విచారించిన అధికారి, ఆ కంపెనీ అవలంబించు పద్ధతి హాని లేనిదని నమ్మి 1998 జనవరిలో దానికి అనుకూలముగా తీర్పు చెప్పెను. ఉన్నత న్యాయస్థానమును దానినే స్థిరపఱచెను. మండలివారు సర్వోన్నత న్యాయస్థానమునకు పోయిరి.

అక్కడ తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన న్యాయమూర్తి ఎం. జగన్నాథరావుగారు. 1999 జనవరి 27వ తేదీ నాటి ఆ తీర్పులో వారొక కఠినమైన ప్రశ్నను ఎదుర్కొనిరి. హాని కలుగునని నిశ్చయముగా చెప్పలేము, కలుగదనియు చెప్పలేము. శాస్త్రజ్ఞులలోనే అభిప్రాయభేదము కలదు. న్యాయాధిపతి శాస్త్రజ్ఞుడు కాడు. అప్పుడేమి చేయవలయును? వారి సమాధానము రెండు భాగములు. ఒకటి, పరిసరములను మార్పబూనినవాడే తన పనివలన హాని లేదని రుజువు చేయవలయును. హాని కలుగునని రుజువు చేయు భారము త్రాగునీటికై చెరువును నమ్ముకొన్నవానిపై నుండరాదు. రెండు, శాస్త్ర విషయములను విచారింపగల నిపుణుల సంస్థను సంప్రదించి న్యాయస్థానము నిర్ణయింపవలయును. ఆ ప్రకారము నిపుణుల నివేదికలు వచ్చిన పిమ్మట 2000 డిసెంబరు 1వ తేదీన తుది తీర్పు వెలువడెను. ఒక్కనికొఱకు 10 కిలోమీటర్ల నిషేధమును సడలించుట చెల్లదని సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించెను. ముందుజాగ్రత్త సూత్రమను పేర నేడు న్యాయకళాశాలలలో చదువుకొను ధర్మమునకు 1996 నాటి వేలూరు తోళ్ల కర్మాగారముల తీర్పు తరువాత ఈ పెద్దషాపూరు తీర్పే ప్రధానమైన ఆధారము.

ఈ తీర్పు పుట్టిన 1999లోనే అమెరికాలో అసలు ప్రశ్న లేచినది. ఆ యేటి అక్టోబరులో 19 సంఘములు కలిసి అక్కడి పర్యావరణ రక్షణ సంస్థకు ఒక విన్నపము చేసికొనెను. మోటారు బండ్లనుండి వెలువడు హరితగృహ వాయువులను గాలి కాలుష్యముగా నెంచి నియంత్రింపుమని వారి కోరిక. ఆ సంస్థ 2003లో విన్నపమును త్రోసివేసెను. అట్టి అధికారము చట్టము మాకీయలేదని మొదటి కారణము. ఇచ్చినను ఇప్పుడు దానిని వినియోగించుట యుక్తము కాదని రెండవ కారణము. మసాచుసెట్స్ మొదలగు 12 రాష్ట్రములును, కొన్ని నగరములును, సంఘములును వ్యాజ్యము వేసినవి.

న్యాయస్థానమున మొదటి చర్చ, నేను మొదట మనవి చేసిన చిక్కుపైననే జరిగినది. నష్టము లోకమంతటికైనప్పుడు మీకు వ్యాజ్యము వేయు హక్కెక్కడిదని ప్రభుత్వము వాదించెను. సముద్రము పొంగి మా తీరభూమిని మ్రింగుచున్నది, ఆ భూమికి యజమాని మా రాష్ట్రమే యని మసాచుసెట్స్ బదులు చెప్పెను. 1907లో జార్జియా రాష్ట్రము, పొరుగు రాష్ట్రమునందలి రాగి కర్మాగారముల గంధకపు పొగ తన యడవులను పాడుచేయుచున్నదని వ్యాజ్యము వేసి గెలిచిన పూర్వ నిర్ణయమును వారు ఆధారముగా జూపిరి. పొలిమేర దాటిన పొగను గూర్చి ఊరు ఊరిపై ఫిర్యాదు చేయుట వంటిది అది.

2007 ఏప్రిలు 2వ తేదీన అమెరికా సర్వోన్నత న్యాయస్థానము అయిదుగురు ఒక ప్రక్కను నలుగురు ఒక ప్రక్కను నుండగా తీర్పు చెప్పెను. న్యాయమూర్తి స్టీవెన్స్ వ్రాసిన ఆ తీర్పు సారమిది. గాలిలోనికి విడువబడు ఏ పదార్థమైనను అని చట్టము విశాలముగా చెప్పినప్పుడు బొగ్గుపులుసు గాలి దానిలో చేరును. అది ప్రజలకు హాని చేయునో లేదో శాస్త్రమును బట్టి సంస్థ నిర్ణయింపవలయునే కాని, వేఱు కారణములు చెప్పి తప్పించుకొనరాదు. ఒక దేశపు మోటారులను అదుపులో పెట్టినంతనే లోకము చల్లబడదు గదా యను ఆక్షేపణకు, పెద్ద కీడు ఒక్క యడుగులో తొలగదు, అంత మాత్రమున మొదటి యడుగు వ్యర్థము కాదని సమాధానము.

విరుద్ధముగా వ్రాసిన న్యాయమూర్తుల మాటయు మనము వినవలయును. లోకమంతటికి సంబంధించిన ఇట్టి విషయమును ఎన్నికైన శాసనసభయు ప్రభుత్వమును తీర్చవలయునే కాని న్యాయాధిపతులు కాదని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ వ్రాసెను. అంత విశాలముగా అర్థము చెప్పినచో గాలిలోనికి ఎగిరినదెల్ల కాలుష్యమే యగునని న్యాయమూర్తి స్కాలియా ఎత్తిపొడిచెను. ఈ వాదములు అంతటితో చావలేదు. ముందు ముందు బలము పుంజుకొన్నవి.

2009 డిసెంబరులో ఆ సంస్థ, బొగ్గుపులుసు గాలి, మీథేను మొదలగు ఆరు విధముల వాయువులు ప్రజల ఆరోగ్యమునకును క్షేమమునకును అపాయకరములని నిర్ణయము ప్రకటించెను. దాని పిమ్మట ఒక కొత్త చిక్కు వచ్చినది. ఏడాదికి 100 టన్నులకో 250 టన్నులకో మించి కాలుష్యము విడుచు ప్రతి స్థలమును అనుమతి పొందవలయునని పాత చట్టములో నున్నది. మసికి ఆ కొలత పెద్దది. బొగ్గుపులుసు గాలికి చాల చిన్నది. ఆ లెక్కను చిన్న చిన్న కట్టడములును, అంగళ్లును చట్టము క్రిందికి వచ్చును. 2014లో సర్వోన్నత న్యాయస్థానము, ఈ వాయువుల కారణముననే చిన్నవారిని అనుమతులకై త్రిప్పరాదని, వేఱు కాలుష్యముల కొఱకు ఎట్లును అనుమతి పొందవలసిన పెద్ద కర్మాగారములకు మాత్రము నియమము పెట్టవచ్చునని తీర్చెను.

ఈ యంశము మన రైతులకు దగ్గరిది. నీరు నిలిచిన వరి మడినుండి మీథేను పుట్టును. పశువులు నెమరువేయునప్పుడును అది వెలువడును. ఈ వాయువును కాలుష్యమన్నచో, రెండెకరముల వరి వేసినవాడును జత యెద్దులు గలవాడును నేరస్థులగుదురా? కాలుష్యమను మాట వినగానే పెద్దలకు తోచదగిన భయమిది, న్యాయమైన భయము. కూటికొఱకు వెలువడు వాయువును, లాభమునకై వెలువడు వాయువును ఒకే తూకమున తూచు చట్టము ధర్మము కాదు. కాబట్టి కాలుష్యమా కాదా యను ప్రశ్న తేలినంత మాత్రమున పని ముగియలేదు. ఎవనినుండి ఎంత, ఏ కొలతతో అను రెండవ ప్రశ్న మొదటిదానికంటె బరువైనది.

అమెరికా కథ అటుపై వెనుకడుగులతో నిండినది. విద్యుత్కేంద్రముల వాయువును తగ్గింప 2015లో చేసిన ప్రణాళికను 2016 ఫిబ్రవరిలో న్యాయస్థానము నిలిపివేసెను. 2022 జూన్ 30వ తేదీన ఆరుగురు ముగ్గురుగా చీలి మఱొక తీర్పు చెప్పిరి. బొగ్గును విడిచి వేఱు విధముల విద్యుత్తునకు దేశమును మరలించునంతటి పెద్ద మార్పును, శాసనసభ స్పష్టమైన మాటలలో అధికారమీయనిదే, ఒక సంస్థ చేయజాలదని దాని తాత్పర్యము. రాబర్ట్స్ 2007లో చెప్పిన భావమే 2022లో ఆయన చేతనే తీర్పుగా వ్రాయబడినది. 2025 జూలైలో ఆ పర్యావరణ సంస్థయే తన 2009 నాటి అపాయ నిర్ణయమును రద్దుచేయు ప్రతిపాదనను ప్రకటించెను. న్యాయస్థానమున గెలిచిన మాట ప్రభుత్వము మారినప్పుడు నిలుచునని నమ్మరాదు. మనకును ఇట్టి యనుభవము కలదు. పెద్దషాపూరు తీర్పునకు మూలమైన 111వ ఉత్తరువు నిబంధనలను 2022 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము వేఱొక ఉత్తరువుచే సడలించెను.

మరల మన దేశమునకు వత్తము. 2017లో ఉత్తరాఖండమునకు చెందిన తొమ్మిదేండ్ల బాలిక యొకతె, వాతావరణము చెడకుండ ప్రభుత్వము తగిన పని చేయుటలేదని జాతీయ హరిత న్యాయస్థానమున ఫిర్యాదు చేసెను. ప్రభుత్వము తన యొడంబడికలను పాటింపదని తలచుటకు కారణము లేదని 2019 జనవరిలో దానిని కొట్టివేసిరి. ఆ యేటి డిసెంబరుననే, అట్టి కోరికతో హాలెండు ప్రజలు తమ ప్రభుత్వముపై వేసిన వ్యాజ్యమున అక్కడి అత్యున్నత న్యాయస్థానము ప్రజల పక్షమున తీర్చెను. ఒకే ప్రశ్నకు రెండు దేశములలో రెండు జవాబులు.

2024 మార్చి 21వ తేదీన మన సర్వోన్నత న్యాయస్థానము మార్గమును కొంత తెరచినది. ఆ వ్యాజ్యము బట్టమేక పిట్టను గూర్చినది. కర్నూలు ప్రాంతమునందలి రోళ్లపాడు మైదానములలో ఒకప్పుడు తిరిగిన ఆ పెద్ద పక్షి, రాజస్థానమున విద్యుత్తు తీగలకు తగిలి చచ్చుచుండెను. తీగలను భూమిలో పాతవలయునని 2021లో ఇచ్చిన ఉత్తరువు సూర్యశక్తితో విద్యుత్తు తీయుటకు అడ్డమగుచున్నదని ప్రభుత్వము మొఱపెట్టుకొనెను. పిట్టకు మేలైనది గాలికి కీడగునట్లు ధర్మసంకటము వచ్చినది. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడుగారి ధర్మాసనము పాత ఉత్తరువును మార్చి, నిపుణుల సంఘమును నియమించెను. ఆ సందర్భమున, వాతావరణ మార్పువలని కీడునుండి రక్షణ పొందుట పౌరుల హక్కనియు, అది రాజ్యాంగములోని 14, 21 అధికరణములనుండి పుట్టుననియు ప్రకటించెను. 1987లో హైదరాబాదున మెల్లని విషమును గూర్చి చెప్పిన మాటకు ఇది ముప్పదియేడేండ్ల తరువాతి పెరుగుదల.

హక్కు ప్రకటింపబడినది, కొలత మాత్రము ఏర్పడలేదు. 2009లో దేశమునకు నిర్ణయించిన గాలి ప్రమాణములలో ధూళి, గంధకపు వాయువు, సీసము మొదలుగా 12 పదార్థములు కలవు. బొగ్గుపులుసు గాలి లేదు. బొగ్గు విద్యుత్కేంద్రములకు 2015 డిసెంబరులో ప్రకటించిన హద్దులలో ధూళి, గంధకము, నత్రజని వాయువులు, పాదరసము పేర్కొనబడెను. అందును అది లేదు. అనగా రామగుండము పొగగొట్టమునుండి వెలువడు వానిలో అన్నిటికంటె హెచ్చు తూకముగల మాలిన్యమునకే గాలి చట్టములో హద్దు పెట్టలేదు. ప్రభుత్వము వేఱు దారి త్రొక్కినది. 2022లో ఇంధన పొదుపు చట్టమును సవరించి, 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియము, కాగితము మొదలగు పరిశ్రమలకు టన్ను సరకునకు ఇంత వాయువను లక్ష్యములను విధించెను. ఇది పెద్ద పరిశ్రమలనే పట్టుకొనుచున్నది, రైతును తాకుట లేదు, అంతవరకు మంచిదే. కాని దీనిలో లెక్కలు చూచువారు పరిశ్రమలును ప్రభుత్వమును మాత్రమే; నష్టపడిన గ్రామస్థుడు వాదిగా నిలుచుటకు గాలి చట్టము చూపునంతటి స్పష్టమైన చోటు కనబడదు.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది ఒక్కటి. చట్టములోని మాట నిద్రించుచుండును. దానిని లేపువాడు కావలయును. మన గాలి చట్టపు నిర్వచనము 1987 నాటి సవరణనుండి అట్లే యున్నది. అమెరికా చట్టమును లేపినది 1999 నాటి ఒక విన్నపపత్రము. దామోదరరావు వ్యాజ్యమును తెచ్చినవారు సామాన్య నగరవాసులు. చెరువుల పక్షమున నిలిచినది ఒక కాలుష్య మండలియు, నగరములోని ఒక పౌర సంఘమును. అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని మన సామెత.

అడుగుటకు ఆధారము కావలయును. మీర్‌పేట మొన్నటిదాక గ్రామము; 2019లో జిల్లెలగూడతో కలిసి నగరపాలక సంస్థయైనది. దాని చెరువులు ఏ కాలమున ఎంత నిండినవో, వాన ఏ కార్తెలో పడెడిదో, ఇప్పుడెట్లు పడుచున్నదో చెప్పగలవారు వయస్సు మీరిన పెద్దలే. మసాచుసెట్స్ రాష్ట్రము తీరభూమి లెక్క చూపి వ్యాజ్యము వేయు అర్హతను సంపాదించుకొన్నది. చెరువు లెక్క, బావి లెక్క, పంట లెక్క వ్రాసి తేదీలతో నుంచినచో, రేపు మీ మనుమలు న్యాయస్థానము మెట్లెక్కినప్పుడు నష్టమెవనికని న్యాయాధిపతి యడుగును; వారి చేతిలో సమాధానముండును.